బ్రెమెన్‌లో ఊడిరాని టోపీ

రంగూన్‌లో పుట్టి పెరిగినవాడికి చలి అంటే పుష్యమాసంలో తెల్లవారుజామున పల్చటి దుప్పటి ఒకటి మీదికి లాక్కోవడం. పొద్దెక్కేసరికి దాన్నీ కాళ్లతో తన్నేస్తాం. ఈపాటి అనుభవాన్ని నమ్ముకుని నేను నడి శీతాకాలంలో జర్మనీలోని బ్రెమెన్ అనే పాత పట్నానికి బయలుదేరాను. నా తరవాత వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను చేసినవి చేయకుండా ఉంటే చాలు, వాళ్ల యాత్ర సుఖంగా సాగుతుంది.

వెళ్లడానికి కారణం మా మావయ్య మిల్లు. పజుండాంగ్ కాలవ ఒడ్డున చిన్న బియ్యం మిల్లు అది. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మామ కూడా. అంచేత నన్ను తిట్టే హక్కు ఆయనకి రెండు వైపుల నుంచీ ఉంది. ఆ ఏడు పెద్ద కొనుగోలుదార్లంతా ఒక్కటై చిన్న మిల్లుల సరుకు ముట్టుకోవడం మానేశారు. మా పక్క మిల్లుకి అప్పటికే తాళం పడింది. మాది కూడా మూస్తే, చికాకోలు వైపు నుంచి వచ్చి మా దగ్గర బస్తాలు మోస్తున్నవాళ్లంతా ఏమైపోతారో తలుచుకుంటేనే మావయ్యకి అన్నం సయించేది కాదు. పద్నాలుగులో వచ్చిన జర్మనీ యుద్ధానికి ముందు రంగూన్‌లో వ్యాపారం చేసి, యుద్ధం రాగానే వెళ్లగొట్టబడ్డ జర్మన్లలో బెకర్ దొర అనే ఆయనకి మావయ్య నాచేత ఉత్తరం రాయించాడు. ఆయనకి బ్రెమెన్‌లో బియ్యం మిల్లుంది. మనిషిని పంపితే మచ్చు చూస్తాం అని జవాబొచ్చింది. అదొక్కటే మాకు మిగిలిన ఆశ.

"ఇంగిలీసు నీకొక్కడికే వచ్చు, మరేటి సేస్తాను? నువ్వే ఎల్లు," అన్నాడు మావయ్య. "మచ్చు సంచులు పారేసుకోకు. నోరు జారకు. ఆ దొర ముందర తిన్నగా నిలబడు." ఇంకా ఏదో చెప్పబోయి, నా మొహంకేసి చూసి, నిట్టూర్చి ఊరుకున్నాడు.

మా ఆవిడ పైడమ్మ మాత్రం ఊరుకోలేదు. కొబ్బరినూనె డబ్బా, శీకాయపొడి మూట, ఓడలో కడుపు తిరిగితే జావ కాచుకోమని ఒక చిన్న సంచీడు నూకలు నా పెట్టెలో సర్దింది.

"ఇదుగో, ఇంత పెద్ద పనికి ఎల్తున్నారు. ఆ దొరని కలిసే రోజు పొద్దున్న తలంటి పోసుకుని మరీ ఎల్లండి. మిల్లు మొదలెట్టిననాడు మా నాన్న అలగే ఎల్లాడు. ఏటి, ఇన్నారా?" అంటూ చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది.

అప్పటికి నాకు వెనక్కి ముడి వేసుకునేంత జుట్టుండేది. క్రాపు చేయించుకుంటానని ఒకసారి అంటే మా అమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. ఆ జుట్టు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

కార్తీకం చివర్లో ఒకనాడు పొద్దున్న ఏడింటికి లమ్మడా పేటలో మా ఇంటి నుంచి బండెక్కి, ఎనిమిదింటికల్లా రేవుకి చేరాం. ఓడ పదకొండు దాటాక కదిలింది. నాది రెండో తరగతి. నది దాటి సముద్రంలోకి వెళ్లగానే నేను తిన్నదంతా సముద్రుడికి అప్పజెప్పడం మొదలుపెట్టాను. కొలంబో దాకా నూకల జావే నన్ను బతికించింది. వంటవాడిని బతిమాలితే కాచి ఇచ్చేవాడు. సగం సంచీ అక్కడికే అయిపోయింది.

నా గదిలో ఇంకొకడు కో బ తిన్ అని బర్మా కుర్రవాడు, లండన్‌లో ప్లీడరు చదువుకి వెళ్తున్నాడు. నా పని విని తెగ కంగారు పడిపోయి, నాకు మర్యాదలు నేర్పే భారం నెత్తిన వేసుకున్నాడు. "కో సూరీ, అన్నిటికన్నా ముఖ్యం టోపీ. గుమ్మం దాటగానే తీసెయ్యాలి. తియ్యకపోతే వాళ్లని చెప్పుతో కొట్టినట్టే," అన్నాడు బర్మా భాషలో. కో అంటే వాళ్లలో అన్న అని, సూరి నా పేరు. అంతలోనే, "మన పగోడాకొస్తే దొరలు బూట్లు తియ్యం అంటూ పోట్లాడారు. వాళ్ల ఆఫీసుకెళ్తే మనం టోపీ తియ్యాలి. సరే, ఏం చేస్తాం, తీద్దాం," అని నవ్వాడు. రోజూ సాయంత్రం ఆరింటికి గది తలుపు బయటి నుంచి తోసుకుని లోపలికి రావడం, టోపీ తియ్యడం, వంగడం నాచేత సాధన చేయించేవాడు. టోపీ అతనిదే. నా ముడి మీద అది నిలిచేది కాదు.

ఫ్రాన్సులో మార్సేల్స్ రేవులో దిగి మొదట చేసిన పని టోపీ కొనడం. తలతో పాటు ముడికీ చోటు కావాలి కదా, కొట్లో ఉన్నవాటిలోకల్లా పెద్దది తీసుకున్నాను. కళ్ల దాకా దిగిపోయింది. కొట్టువాడు అద్దం చూపించబోయి మళ్లీ తనే పక్కకి తిప్పేశాడు. కో బ తిన్ దగ్గర సెలవు తీసుకుని రాత్రి బండిలో పారిస్‌కి, అక్కడ స్టేషన్ మారి కొలోన్ మీదుగా బ్రెమెన్‌కి వెళ్లాను. పారిస్‌లో స్టేషన్ మారడానికి రెండు గంటలైనా చేతిలో ఉంచుకోండి. నేను ఉంచుకోక, పెట్టెతో పరిగెత్తి, కదులుతున్న బండెక్కాను. రైలు పెట్టెలో నా ఎదురుగా కూచున్న ముసలావిడ నా నూలు కోటుని వేళ్లతో పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, తన శాలువాలో సగం నా మోకాళ్ల మీద పరిచింది. ఇంత దూరంలో మా అమ్మమ్మ ఎలా దొరికిందా అనిపించింది.

బ్రెమెన్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికే చీకటి. నేలంతా మంచు. మొదటిసారి చూశాను కదా, సంబరం పట్టలేక వట్టిచేత్తో గుప్పెడు తీశాను. బస చేరేదాకా ఆ చెయ్యి నాది కాదు. బసలో ఇంటావిడకి జర్మన్ తప్ప రాదు, నాకు జర్మన్ తప్ప రెండు మూడు భాషలు వచ్చు. అయినా ఆవిడ వేడి బంగాళాదుంపలూ పొగబెట్టిన చేపా పెడితే, నప్పి అనే బర్మా చేపల ముద్ద తిని పెరిగిన నా నోటికి ప్రాణం లేచొచ్చింది. మారు అడిగాను. ఆవిడ మురిసిపోయింది.

బెకర్ దొరని కలవాల్సింది ఎల్లుండి. అంచేత మర్నాడంతా ఊరు చూశాను. చూశానంటే, వెచ్చటి చోటు నుంచి వెచ్చటి చోటుకి పరిగెత్తాను. నాలుగురోడ్ల బజారు మధ్యలో కత్తి పట్టుకుని నిలబడ్డ రాతి వీరుడున్నాడు, మూడు నిలువులైనా ఉంటాడు, భుజాల నిండా మంచు. వణక్కుండా నిలబడ్డందుకే దణ్ణం పెట్టాను. జంట శిఖరాల పెద్ద చర్చిలో పొయ్యి లేదు, కాబట్టి అక్కడ నా భక్తి కొద్దిసేపే నిలిచింది. పాత నగర భవనం కింద నేలమాళిగలో ద్రాక్షసారా పీపాలున్నాయి, పొయ్యి కూడా ఉంది. నేను తాగను, అయినా అక్కడ చాలాసేపు చరిత్ర తెలుసుకున్నాను.

మూడోనాడు పొద్దున్న పదకొండింటికి పని. తొమ్మిదింటికి ఒట్టు గుర్తొచ్చింది. నూనె డబ్బా వంచితే చుక్క పడలేదు, తెల్లగా రాయిలా గడ్డకట్టింది. చెంచాతో తవ్వుకుని నెత్తిన రుద్దుకున్నాను. ఇంటావిడ వంటింట్లో కెటిల్ మీద కెటిల్ నీళ్లు కాచి పోస్తూ, కిటికీ వైపు చూపిస్తూ, ఒకటే కేకలు. నూనె పూర్తిగా వదలకుండానే నీళ్లు చల్లారిపోయాయి. ఆరబెట్టుకోవడానికి వ్యవధి లేదు. తుడుచుకుని, ముడి వేసుకుని, టోపీ పెట్టుకుని, మచ్చు సంచులు పుచ్చుకుని బయటపడ్డాను. ఆవిడ తన శాలువా తల మీద కప్పాలని వీధి గుమ్మం దాకా వెంటపడింది. దొర దగ్గరికి ఆడవాళ్ల శాలువాతో వెళ్లడమేమిటని చెయ్యి ఊపేసి వచ్చేశాను. అంత తెలివి నాది.

నది ఒడ్డున దారి తప్పాను. నీళ్ల మీద మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. మొదట చెవులు మండాయి, తరవాత చెవులు ఉన్నాయో లేవో తెలియలేదు. మిల్లు ఆఫీసు దొరికేసరికి పదకొండు కొడుతోంది. మావయ్య మొహం, మా మిల్లు గేటు దగ్గర పొద్దున్నే నిలబడే మనుషుల మొహాలు కళ్ల ముందు కదిలి నిజంగా భయం వేసింది.

గుమ్మం దాటాను. సాధన చేసినట్టే చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. టోపీ రాలేదు.

ఇంకాస్త గట్టిగా లాగాను. టోపీతో పాటు నెత్తి చర్మమంతా పైకి లేచింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తడి జుట్టూ, నూనే, టోపీ లోపలి గుడ్డా కలిసి ఒక్క గడ్డ అయిపోయాయి. గుమాస్తాలు కలాలు ఆపి చూస్తున్నారు. లోపలి గది నుంచి వచ్చిన ఎత్తుపాటి ముసలి దొర, బెకర్ గారే, నా టోపీ వంక చూసి మొహం ఎర్రబరుచుకున్నాడు. రెండు చేతులూ జోడించాను. టోపీ అలాగే ఉంది.

"అయ్యా, ఇది రావడం లేదు," అన్నాను ఇంగ్లీషులో.

"ఎందుకు రాదు?"

"గడ్డకట్టింది. తల తడిగా ఉంది."

"ఈ చలిలో తల ఎవడు తడుపుకుంటాడు?"

"తమరి దగ్గరికి వస్తున్నాను కదా, అందుకే తడుపుకున్నాను."

పని అయిపోయిందనుకున్నాను. మావయ్యకి టెలిగ్రాంలో ఏం రాయాలా అని కూడా ఆలోచించాను. ఈలోగా ఒక గుమాస్తా అమ్మాయి కత్తెర పట్టుకుని రానే వచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు బెకర్ గారు ఒక అడుగు ముందుకి వేసి, నా తల దగ్గర వాసన చూసి, అమ్మాయిని వెనక్కి పొమ్మని సైగ చేశాడు.

"కొబ్బరినూనె," అన్నాడు. తెలుగులో! తరవాత పొయ్యి వైపు చూపించి, గది అదిరేలా, "బేగి రా! బేగి, బేగి!" అని కేకేశాడు.

మా మిల్లులో బస్తాల దగ్గర పొద్దస్తమానం వినపడే కేక అది. ఆ మంచు దేశంలో అది చెవిన పడగానే, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

పలకలు అతికించిన పెద్ద పొయ్యి పక్కన నన్ను కూచోబెట్టాడు. టోపీ కరిగి వదిలేదాకా ఎక్కడికీ కదలడానికి లేదు. నూనె కలిసిన నీళ్లు చెవుల వెంట, మెడ వెంట, చొక్కాలోకి కారుతున్నాయి. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని అడుగుతూనే ఉన్నాడు. కాలవ నీళ్లు ఆటుపోట్లప్పుడు ఇంకా అదే వాసన వేస్తాయా? సంపాన్ పడవలవాళ్లు ఇంకా అలాగే పోట్లాడుకుంటారా? కుర్రతనం నుంచి యుద్ధం దాకా తను అక్కడే మిల్లు చూసుకునేవాడట. "మా మేస్త్రీ అప్పయ్య అని ఉండేవాడు. పెద్ద ఓడకి సరుకు ఎత్తేరోజు ఇలాగే తల తడిగా వచ్చేవాడు. నాకు జ్వరమొస్తే పక్కన కూచున్నది అతనొక్కడే. యుద్ధంలో నన్ను తీసుకుపోతుంటే రేవు దాకా నడిచి వచ్చాడు," అన్నాడు. ఆ అప్పయ్య ఏమయ్యాడో నాకు తెలియదు. వెళ్లగానే వాకబు చేస్తానని మాటిచ్చాను.

"నీతో నిజం చెప్తాను," అన్నాడు తరవాత. "మీ బియ్యం వద్దని నిన్ననే అనుకున్నాం. అయిదు నిమిషాలు మాట్లాడి మర్యాదగా పంపేద్దామనుకున్నాను. నీ టోపీ నన్ను కూచోబెట్టింది. సరే, ఏం తెచ్చావో చూపించు."

మచ్చు సంచులు విప్పాను. గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, ముందరి పళ్లతో కొరికి చూశాడు. బియ్యం బాగుంది గానీ ఇక్కడివాళ్లకి అక్కర్లేదన్నాడు. అడుగున ఇంకో చిన్న సంచీ కనపడింది. హడావుడిలో పైడమ్మ నూకల సంచీ కూడా పట్టుకొచ్చేశానన్నమాట. దాచబోతే చెయ్యి పట్టుకున్నాడు. పోసి చూసి, "ఇవి ఎన్ని పంపగలరు? గంజిపిండి చేసేవాళ్లు నన్ను నూకల కోసమే చంపుతున్నారు," అన్నాడు.

సముద్రాలు దాటించి కళ్లలో పెట్టుకుని తెచ్చిన మేలురకం బియ్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. నా జావ నూకలు ఒక ఓడ నిండా కావాలట, బాగుంటే ఏటేటా. కబురు మర్నాడే మావయ్యకి తంతి కొట్టించాను.

మా మాటలు అవుతుండగానే టోపీ దానంతటదే వదులైంది. లేచి నిలబడి, కో బ తిన్ నేర్పినట్టు దాన్ని తీసి, గుండెల దగ్గర పట్టుకుని, వంగి నమస్కారం చేశాను. బెకర్ గారు దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఇంటావిడ ఏవో కషాయాలు పోసి, మూడు రోజులు తిడుతూనే ఉంది. తిరుగు ప్రయాణంలో అదే దారి, బండ్లూ అవే. సూయజ్ దాటాక కోటు విప్పేశాను, ఏడెన్ దాటాక చొక్కా గుండీలు విప్పేశాను. బ్రెమెన్ ఎలా ఉందని అడిగితే, చాలా అందమైన ఊరని చెప్పగలను. అందులో నాకు బాగా తెలిసినవి పొయ్యిలు.

మాఘం వెళ్తుండగా ఒక మధ్యాహ్నం రంగూన్ నదిలోకి వచ్చాం. పగోడా బంగారం ఎండలో కనపడింది, ఆ బురద వాసన ముక్కుకి తగిలింది, హాయిగా చెమట పట్టింది. రేవులో మావయ్య, పైడమ్మ, మిల్లువాళ్లు కూడా కొందరు నిలబడి ఉన్నారు. మావయ్య నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఏం తిట్టాలో తోచక, నా పెట్టె తనే అందుకున్నాడు.

పైడమ్మ మాత్రం నన్ను పక్కకి లాగి మెల్లగా అడిగింది. "ఏటండీ, తలంటి పోసుకునే ఎల్లారా?"

"పోసుకునే వెళ్లాను."

"సూశారా మరి! అందుకే పనయింది."

దేశాలు తిరిగొచ్చినవాణ్ణి, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, ఎదురు చెప్పాలని నోరు తెరిచాను. ఎంత వెతికినా అందులో ఒక్క అబద్ధం దొరకలేదు.