అమ్మమ్మ బరువు నూట ముప్ఫై రెండు పౌన్లు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమెరికాలో మా పార్సిప్పనీ ఊరి తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఒక కథ నడుస్తోంది. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉండే ఒక పిల్ల, అమ్మమ్మ మీద ప్రేమ కొద్దీ, ఒక్క ఉదుటున ఆవిడని వీపు మీద ఎక్కించుకుని పద్నాలుగు మెట్లు దింపేసిందనీ, అదంతా వేంకటేశ్వరస్వామి ఆ క్షణంలో ఇచ్చిన బలమేననీ. మా అమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా ఆంటీలు కళ్ళు తుడుచుకుంటారు. నేను తల వంచుకుని కూర్చుంటాను. అది వినయం అనుకుంటారు. స్వామి వాటా ఎంతో నాకు తెలియదు గానీ, మిగిలిన బలం కోసం నేను నాలుగు నెలలపాటు ఇంట్లో అబద్ధాలాడి కాలేజీ వెయిట్ రూమ్‌లో ఇనుము ఎత్తాను.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికాలో తెలుగు ఆడపిల్లకి రహస్యం దాచుకునే చోటే ఉండేది కాదు. ఫోన్ ఒక్కటే, అది వంటింటి గోడకి. కారు ఒక్కటే, అది నాన్నది. గదేమో నాదీ అమ్మమ్మదీ. అందుకని నేను డైరీ రాసుకునేదాన్ని, అదీ తెలుగులో (కాలేజీలో ఎవరూ చదవలేరని, ఇంట్లో అందరూ చదవగలరన్న సంగతి నాకు తట్టలేదు). రాసిన డైరీని వంటింటి అరలో బియ్యం సంచీ వెనక దాచేదాన్ని. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, బరువు తొంభై ఎనిమిది పౌన్లు, అంటే నలభై నాలుగు కిలోలు. ఇంట్లో ముద్దుపేరు అగ్గిపుల్ల.

అమ్మమ్మ తెనాలి నుంచి మే నెలలో వచ్చింది. మా అపార్ట్‌మెంట్ అమెరికా లెక్కలో రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన రోజు ఆ పద్నాలుగు మెట్లూ మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కేసరికి అరగంట పట్టింది. తెల్లారేసరికి మోకాళ్ళు రెండూ కొబ్బరికాయల్లా వాచాయి. తెలిసిన డాక్టర్ అంకుల్ వచ్చి చూసి, "ఇంక మెట్ల జోలికి వెళ్ళకండి పిన్నిగారూ, ఇండియా వెళ్ళేరోజు చూసుకుందాం" అన్నారు. అంతే, అమ్మమ్మ అమెరికా మొత్తం మా హాలు కిటికీలోంచే చూడాల్సి వచ్చింది. కిటికీకి ఎదురుగా, పార్కింగ్ లాట్ అవతలి అంచున ఒక మేపుల్ చెట్టుండేది. "అది అక్టోబర్‌లో ఎర్రగా అయిపోతుందమ్మా, కుంకం పోసినట్టు" అని అమ్మ చెప్పిన రోజు నుంచి అమ్మమ్మకి అదే ధ్యాస. "ఆ చెట్టు కిందికెళ్ళి ఒక్కసారి నుంచుంటే చాలే. ఇంత దూరం వచ్చి ఈ దేశం నేలమీద కాలు పెట్టకుండా పోతే ఊళ్ళో ఏమని చెప్పను? మెట్లు చూశానని చెప్పనా?"

నాన్న వెంటనే సిద్ధపడ్డారు. కుర్చీలో కూర్చోబెట్టి తనూ, పక్కింటి అంకులూ చెరోవైపు పట్టుకుని దింపుతామన్నారు. ఆ మాట కూడా అమ్మమ్మతో అనలేదు, అమ్మతో అన్నారు. ఎందుకంటే అమ్మమ్మ అల్లుడికి ఎదురుపడదు. ఆయన హాల్లోకొస్తే ఆవిడ పైట కప్పుకుని గదిలోకి జరిగిపోయేది. ఆరువందల చదరపుటడుగుల ఇంట్లో ఆ మర్యాద ఎలా సాగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇద్దరూ ఒకరి అడుగుల చప్పుడు ఒకరు విని దారి ఇచ్చుకునేవారు. "అల్లుడు నన్ను మొయ్యడమా! శివశివా! పరాయి మగాడొకడా పక్కన! నేను పోయాక కూడా వద్దని చెప్పు" అంది గదిలోంచి. అమ్మకి నడుం నొప్పి, బెల్టు పెట్టుకుని వంట చేసేది. ఇక ఇంట్లో మిగిలింది అగ్గిపుల్ల.

నేను లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేసేదాన్ని కాబట్టి, నాకు ఏ కష్టమొచ్చినా దానికొక పుస్తకం ఉంటుందని నమ్మకం. దొరికింది కూడా: కండలు పెంచడం ఎలాగో చెప్పే పుస్తకం. అట్టమీద ఒంటినిండా నూనె రాసుకున్న మనిషి. దాన్ని వంటల పుస్తకం అట్టలో దూర్చి, బీరువాల మధ్య నిలబడి, బొమ్మల మీద చెయ్యి అడ్డుపెట్టుకుని అక్షరాలు మాత్రమే చదివాను (నిజం చెప్పాలంటే చెయ్యి అప్పుడప్పుడు జారేది). ఇంట్లో "సాయంత్రం క్లాసుంది" అని చెప్పి కాలేజీ వెయిట్ రూమ్‌కి వెళ్ళాను. పొడుగు చేతుల చొక్కా, స్వెట్ ప్యాంటు, నడుం దాకా జడ. అక్కడున్న మగపిల్లలందరూ ఒక్కసారి ఆగి చూశారు. ఆ గదిని చూసుకునే ముసలాయన మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడేది. డైరీలో ఆయన పేరు ఈలతాత. "దారి తప్పావా అమ్మాయ్?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, చేతికందిన చిన్న డంబెల్ ఎత్తాను. అది బూట్ల బరువంత ఉందని తర్వాత తెలిసింది.

తప్పు ఎక్కడ చేశానంటే, మన పిల్లలందరూ చేసే చోటే. మా ఇంట్లో ఏది రావాలన్నా సూత్రం ఒకటే: ఇంకో గంట కూర్చో. లెక్కలు రాకపోతే ఇంకో గంట, సంగీతం రాకపోతే ఇంకో గంట. కండకి మాత్రం వేరే న్యాయం ఉంటుందని నాకెలా తెలుస్తుంది? ఆదివారంతో సహా రోజూ ఎత్తాను. విశ్రాంతి గురించిన అధ్యాయం సోమరుల కోసం రాశారనుకుని దాటేశాను. రెండు నెలలయ్యేసరికి బరువు పెరగలేదు సరికదా, నిన్న లేచింది ఇవాళ లేవడం మానేసింది. చేతులు పైకెత్తలేక, తల మోకాళ్ళ దాకా వంచి జడ వేసుకునేదాన్ని. వరలక్ష్మీవ్రతం నాడు ఒక ఆంటీ ఇంట్లో నన్ను సాంబారు వడ్డించమన్నారు. గరిటె పట్టుకున్న చెయ్యి గడగడా వణికి, సాంబారు ఒక పెద్దావిడ పట్టుచీర కుచ్చిళ్ళ మీద పడింది. ఆవిడకి పెళ్ళీడు కొడుకున్నాడట. ఆంటీలందరూ మురిసిపోయారు. "అబ్బాయి తల్లి అని ఎవరు చెప్పారోగానీ ఎలా వణికిపోయిందో చూడండి! ఈ కాలంలో ఇంత సిగ్గున్న పిల్లలెక్కడండీ!" ఆ పెద్దావిడ కూడా కుచ్చిళ్ళు దులుపుకుంటూ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆగస్టు సగమైపోయింది. చెట్టు ఎర్రబడటానికి రెండు నెలలే ఉంది.

మర్నాడు బార్‌బెల్ నా ఛాతీ మీదే ఆగిపోతే ఈలతాత వచ్చి తీశాడు. "వారానికి ఎన్నిరోజులు వస్తున్నావు?" అన్నాడు. "ఏడు" అన్నాను గర్వంగా. ఆయన నెత్తి పట్టుకున్నాడు. తర్వాత ఆయన ఇంగ్లీషులో చెప్పిన మాటని బస్సులో తెలుగు చేసి, డైరీలో రాసి, కింద రెండు గీతలు గీశాను: ఎత్తినప్పుడు కండ పెరగదు, పడుకున్నప్పుడు పెరుగుతుంది. "ఇక్కడ నువ్వు చేసేది దాన్ని చితక్కొట్టడమే. దాన్ని బాగుచేసేది తిండీ నిద్రా. రోజు విడిచి రోజు రా. రాని రోజు ఏమీ ఎత్తకు. అవునూ, ఇంతకీ నువ్వు ఎత్తాల్సింది ఏమిటి?" "మా అమ్మమ్మని" అన్నాను. ఆయన ఈల ఒకచేతిలోంచి ఇంకోచేతిలోకి మార్చుకున్నాడు. "బరువెంత?" అన్నాడు చివరికి.

అది నాకు తెలియదు. ఇంటికెళ్ళి అమ్మమ్మని బాత్రూమ్‌లో బరువు చూసుకునే మెషిన్ మీద నిలబెట్టాను. ఆవిడ రైల్వేస్టేషన్లో బరువు మెషిన్ మీద నిలబడ్డట్టు కదలకుండా నిలబడి, "చీటీ రాదేమే? దానిమీద జాతకం ఉండదూ?" అంది. నూట ఇరవై ఆరు. ఈలతాత ఒక గోతంలో అంత ఇసుక పోసి, స్టేడియం మెట్ల మీద వీపున వేసుకుని ఎక్కడం దిగడం నేర్పాడు. "చేతులతో ముందు ఎత్తుకోకు, కాలికింద మెట్టు కనపడాలి" అనేవాడు. అది మన ఉప్పుమూటే. చిన్నప్పుడు తెనాలిలో అమ్మమ్మ నన్ను వీపున ఎక్కించుకుని, "ఉప్పమ్మా ఉప్పు" అంటూ వసారా అంతా తిప్పిన ఆట.

విచిత్రంగా, సరిగ్గా అప్పుడే ఇంట్లో కొన్ని మార్పులొచ్చాయి. అమ్మమ్మ ఉన్నట్టుండి మినుములు వేయించి, నెయ్యి ధారగా పోసి సున్నుండలు చుట్టడం మొదలుపెట్టింది. "ఎదిగే పిల్ల, ఇంత బలం పడాలి" అని పూటకి రెండు నా చేతిలో పెట్టేది. నేను వెయిట్ రూమ్‌కి వెళ్ళని రోజు చూసి ఒంటికి నువ్వులనూనె పట్టించి, తలంటి, "పడుకో" అని దుప్పటి కప్పేది. "దాన్ని గిన్నెలు కడగనీయవేమమ్మా" అని అమ్మ అంటే, "ఇవాళ కాదు, రేపు కడుగుతుందిలే" అనేది. ఇన్ని మెట్ల ఇంట్లో ఏ పనీ లేక ఆవిడకి నామీద ముద్దు ఎక్కువైంది అనుకున్నాను. ఒక్కటే చిక్కు. నాకొకటి పెట్టినప్పుడల్లా రుచి చూడ్డానికి ఆవిడా ఒకటి తినేది. నా గోతం నూట ఇరవై ఆరు చేరేసరికి అమ్మమ్మ నూట ముప్ఫై రెండు చేరింది. ఈలతాత నిట్టూర్చి ఇంకో ఆరు పౌన్ల ఇసుక పోశాడు.

అక్టోబర్లో ఒక ఆదివారం పొద్దున చెట్టు పూర్తిగా ఎర్రబడింది. "అమ్మమ్మా, ఉప్పుమూట" అని తలుపు దగ్గర వీపు వంచి నిలబడ్డాను. అమ్మ "అగ్గిపుల్లా, నీకేమైనా పిచ్చా!" అని కేకేసింది. అమ్మమ్మ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అప్పటికే చీర కింద నా పాత స్వెట్ ప్యాంటు తొడుక్కుని ఉంది. ఆమె చేతులు నా మెడ చుట్టూ, అగరొత్తుల వాసన, మినప్పిండి వాసన. ఇసుకకి లేనిది ఒకటి మనిషికి ఉంటుంది: ఊపిరి. అది నా చెవి దగ్గర ఆడుతుంటే కాళ్ళకి దారి తెలిసింది. మెట్టుకొక దేవుడు, ఈసారి దిగుతూ. కింద నాన్న కారు బానెట్ ఎత్తి, మావైపు వీపు తిప్పి, ఏ రిపేరూ లేని ఇంజన్‌ని శ్రద్ధగా చూస్తున్నారు, మేం చెట్టు దాకా వెళ్ళేవరకూ. అమ్మమ్మ చెప్పులు విప్పి ఆకులమీద నిలబడింది. "చల్లగా ఉందే నేల" అంది. ఒక ఆకు తీసి బొడ్లో దోపుకుంది. ఎక్కేటప్పుడు తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయాను. "తొందరేం లేదు, నాకు రైలు లేదు" అంది చెవిలో. పద్నాలుగూ ఎక్కాను.

నవంబర్లో ఆవిడ వెళ్ళిపోయిన రోజు కూడా నేనే దింపాను. తర్వాత రెండేళ్ళకి పోయింది. ఈలోగా వచ్చిన ట్రంకాల్స్ అన్నీ నా వంతు రాకుండానే తెగిపోయేవి. ఇప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, లైబ్రరీలో పూర్తి ఉద్యోగం, పుస్తకాల పెట్టెలు మోయాల్సి వస్తే అందరూ నన్నే పిలుస్తారు. ఆ అమ్మాయిని, వంటల పుస్తకం అట్ట కింద కండలు దాచుకున్నదాన్ని, తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత పెద్ద రహస్యం దాచాననుకుందో! ఆ బియ్యం సంచీలోంచి రోజూ బియ్యం తీసేది అమ్మమ్మేనని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చింతపండు చుట్టిన కాగితం కూడా విప్పి చదివే మనిషి ఆవిడ. వెళ్ళిపోయిన రోజు ఎయిర్‌పోర్ట్‌లో చక్రాల కుర్చీలో కూర్చుని, సొరకాయ లేతదో ముదురో చూసినట్టు నా దండచెయ్యి మీద బొటనవేలు నొక్కి చూసింది. తృప్తిగా తలూపింది. నేను ఏడవకుండా నిలబడటానికి చాలా బరువు ఎత్తుతున్నాను అప్పుడు. నేను నోటితో ఎవరికీ చెప్పని మాట, రెండు గీతల మీద ఉన్న మాట, ఆవిడ నోట విన్నాను.

"రేపు ఏమీ ఎత్తకు తల్లీ, పడుకో. పడుకున్నప్పుడే కదా పెరిగేది."