టైటానియం ఉంగరం, శనివారం టిఫిను

నందిగామలో ఓ దినపత్రికకు విలేకరిగా పనిచేసిన ఆ రోజుల్లో నాతో ఊరంతా మాట్లాడేది, కబుర్లు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా ఇరవై నాలుగేళ్ల వయసులో, కొత్త ఊళ్లో, అద్దెకు తీసుకున్న పైగదిలో ఒక్కడే ఉన్నవాడికి బాగా తెలుస్తుంది. పొద్దున లేస్తే ఫోన్లు. కాలవకి నీళ్లు రాలేదని ఒకరు, ఫొటోలో తన తల సగం కోసేశారని ఒకరు, వార్త రెండు పేరాలు దాటకూడదని ఆఫీసు డెస్కు నుంచి మరొకరు. సాయంత్రం వార్తలు పంపేశాక ఆ ఫోను ఇక మోగేది కాదు. మెస్సులో మూల బల్ల దగ్గర కూర్చుని తినేవాణ్ణి. ఏం మాట్లాడితే ఏం రాస్తానోనని జనానికి భయం (నా రాతల మీద వాళ్లకున్నంత గురి మా డెస్కుకి ఉండి ఉంటే ఎంత బాగుండేది!). అందుకని నా బల్ల దగ్గర మిగతా మూడు కుర్చీలూ ఎప్పుడూ ఖాళీగా ఉండేవి.

అలా ఉండగా పుట్టినరోజు వచ్చింది. ఊళ్లో ఎవరికీ తెలియని పుట్టినరోజు కాబట్టి నాకు నేనే బహుమతి ఇచ్చుకున్నాను. ఆన్‌లైన్లో టైటానియం ఉంగరం. దాని గురించి అందులో రాసినదంతా చదివి చదివి నాకు కంఠతా వచ్చేసింది. విమానాల్లో వాడే లోహం. ఉక్కులా గట్టిది, కానీ బరువు చాలా తక్కువ. తుప్పు పట్టదు, చెమటకి నల్లబడదు. గిల్టు నగలు పడక దురద పెట్టే ఒంటికి కూడా ఇది పడుతుంది. విరిగిన ఎముకలకి డాక్టర్లు వేసే ప్లేట్లు కూడా దీనితో చేస్తారు. రాయి లేదు, చెక్కుడు పని లేదు. బూడిద రంగు పట్టీ, నడుమ ఒక సన్నని గీత, వేలికి ఒరుసుకోకుండా గుండ్రంగా నునుపు చేసిన లోపలి అంచులు. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. ఏ కాగితమైనా చిన్న అక్షరాల దాకా చదవమని పాఠకులకు చెప్పే వృత్తిలో ఉండి కూడా నేను చదవలేదు.

వేలికి దారం చుట్టి స్కేలు మీద పెట్టి కొలతలు తీసుకున్నాను. వచ్చింది చూస్తే ఉంగరపు వేలికి వదులు, మధ్యవేలికి సరిగ్గా సరిపోయింది. బంగారమైతే కంసాలి తగ్గించి ఇస్తాడు. దీని విషయంలో వేలే సర్దుకోవాలి. సర్దుకున్నాను. ఎవరైనా "ఏంటండీ ఆ ఉంగరం?" అంటే విమానాల దగ్గర మొదలుపెట్టి ఎముకల దాకా చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను. మూడు వారాలు ఎవరూ అడగలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం, మెస్సు నడిపే బాబాయి పప్పు గిన్నెతో వచ్చి నా చేతి దగ్గర ఆగాడు.

"ఏంటి రిపోర్టర్ గారూ," అన్నాడు గొంతు తగ్గించి, "నాడా ఉంగరం పెట్టారు?"

మా వైపు మధ్యవేలికి బూడిద రంగు ఉంగరం కనబడితే ఒకటే అర్థం. అది గుర్రపు నాడాతో చేయించినది, పెట్టుకున్నవాడికి శని పట్టింది. నేను నోరు తెరిచాను, విమానాలు నాలుక చివరి దాకా వచ్చాయి. ఈలోగా బాబాయి కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర నాకెదురుగా ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు.

"నాకూ పట్టిందండీ, ఏడున్నరేళ్లు. గేదెలు పోయినయ్. ఇంతకుముందు హోటల్ పెట్టా, మూతపడింది. మీకెన్నాళ్లయింది?"

"ఆర్నెల్లయిందండీ," అన్నాను. (నేను ఊళ్లోకి వచ్చి ఆర్నెల్లయింది. కాబట్టి అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.)

సాయంత్రానికి ఆ వార్త ఊళ్లో పాకింది. నేను పంపిన ఏ వార్తా అంత వేగంగా పాకలేదు. ఇంటి ఓనరు మామ్మగారు కింది వాటాలో ఒక్కతే ఉండేది. నీళ్ల మోటారు కట్టెయ్యమని చెప్పడానికి తప్ప నాతో మాట్లాడి ఎరగదు. ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి నా చెయ్యి చూసి నిట్టూర్చింది.

"అబ్బాయ్, శనివారం రాత్రి అన్నం తినబాకు. టిఫిన్ చేస్తా, కిందకి రా."

అలా మొదలయ్యాయి నా శనివారాలు. ఒక వారం పెసరట్టు, ఒక వారం దిబ్బరొట్టె. వరండాలో పీట వేసి పెట్టేది. చెవిటికల్లులో ఉన్న చెల్లెలితో తనకి ఎందుకు మాటల్లేవో చెప్పేది (ఒక రోలు గురించి), ఆ మర్నాడే ఆ చెల్లెలికి ఫోను చేసేది. కొన్నిసార్లు బాబాయి కూడా వచ్చి, తన ఏడున్నరేళ్లలో ఒక్కో ఏడూ వివరంగా చెప్పేవాడు. నేను నా కష్టాలు కొన్ని కల్పించి చెప్పవలసి వచ్చేది. ఆదివారం నుంచే మళ్లీ శనివారం కోసం ఎదురుచూసేవాణ్ణి. టైటానియం ఉపన్యాసం గొంతులో అడ్డంగా ఉండేది గానీ, అది బయటికొస్తే పెసరట్టు ఆగిపోతుంది. పెసరట్టుతోపాటు ఆ వరండా కూడా.

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున మామ్మగారికి కరివేపాకు కోసి పెడుతుంటే కందిరీగ సరిగ్గా ఆ మధ్యవేలు మీద కుట్టింది. గంటలో వేలు దొండకాయంత అయింది. ఉంగరం మాత్రం ఉన్నంతే ఉంది. కొబ్బరినూనె, సబ్బు, దారం చుట్టి లాగడం, అన్నీ అయ్యాయి. క్లినిక్‌లో నర్సు చూసి, త్వరగా తీయకపోతే వేలికే ప్రమాదమంది. జగ్గయ్యపేటలో ఒక ఆచారిగారు ఎలాంటి ఉంగరాన్నైనా కోసి తీస్తారని ఎవరో చెప్పారు. నేను బస్టాండుకి బయలుదేరితే బాబాయి మెస్సు తలుపులు వేసి వచ్చాడు, మామ్మగారు చీర మార్చుకుని వచ్చింది. నాకోసం ఇద్దరు మనుషులు బస్సెక్కడం! వేలు పీకుతున్నా, దారిలో చిల్లకల్లు వచ్చేదాకా నేను లోలోపల మురిసిపోతూనే ఉన్నాను.

ఆచారిగారి సన్నరంపం బ్లేడు రెండుసార్లు విరిగింది. ఆయన అయస్కాంతం తెచ్చి ఉంగరానికి ఆనించి చూశారు.

"ఇనుము కాదండీ ఇది. అంటుకోవట్లా. నాడా అని ఎవరు చెప్పారు మీకు?"

మామ్మగారు భగ్గుమంది. "ఎవడో మోసం చేశాడు అబ్బాయ్ నిన్ను! శనితో అల్లాడేవాడికి దొంగ ఉంగరం అంటగడతాడా? ఎవడో చెప్పు, నేనొచ్చి అడుగుతా వాణ్ణి."

నా కోసం ఎవరైనా పోట్లాటకి సిద్ధపడడం కూడా అదే మొదలు. ఇక దాచలేకపోయాను.

"ఎవరూ మోసం చెయ్యలేదండీ. ఇది టైటానియం," అన్నాను. ఆపైన నెలల తరబడి నోట్లో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. విమానాలు, చెమట, దురద, ఎముకలు. అన్నీ అయ్యాక బాబాయి అడిగాడు.

"మరి శని?"

"తెలీదండీ. జాతకం ఎప్పుడూ చూపించుకోలా."

"ఆర్నెల్లన్నారుగా?"

"ఊరొచ్చి అప్పటికి ఆర్నెల్లండీ."

ఆచారిగారికి ఈ గొడవతో పని లేదు. "కబుర్లు తర్వాత. వేలు నల్లబడుతోంది," అని రాళ్లు అరగదీసే చిన్న మోటారుకి పల్చటి బిళ్ల బిగించారు. వేలికీ ఉంగరానికీ నడుమ సన్నటి రేకు ముక్క దూర్చారు. "వేడెక్కుద్ది. ఎవరన్నా నీళ్లు ఆపకుండా పొయ్యాలి," అన్నారు. చెంబు అందుకున్నది మామ్మగారే. తెల్లటి రవ్వలు లేచాయి. ఒకచోట కోస్తే ఉంగరం విచ్చుకోలేదు, రెండో వైపు కూడా కోయవలసి వచ్చింది. అంతసేపూ నీళ్ల ధార ఒక్కసారి కూడా తప్పలేదు. ఆవిడ నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

రెండు ముక్కలూ బల్ల మీద పడ్డాయి. "బలే గట్టిదండీ," అన్నారు ఆచారిగారు ఒక ముక్కని వెలుగులో తిప్పి చూస్తూ. "కానీ ఉంగరమన్నాక గట్టిదైతే సరిపోద్దా? తీస్తే రావాలి." (ఆ రాత్రి గదికి వెళ్లి చిన్న అక్షరాలు చదివాను. అక్కడా అదే ఉంది, ఇంత బాగా రాయలేదు.)

తిరుగు బస్సులో మామ్మగారు ముందు సీట్లో కూర్చుంది. బాబాయి నా పక్కనే ఉండి కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ వారమంతా మెస్సులో మూడు కుర్చీలూ మళ్లీ ఖాళీ. శనివారం వచ్చింది. చీకటి పడుతుండగా కింద పెనం చుయ్‌మన్న చప్పుడు, అల్లం వాసన. పిలుపు మాత్రం రాలేదు. మంచం మీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఆఖరికి పిలవకుండానే మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంకేం శని ఉందని వచ్చావు?" అంది మామ్మగారు, వెనక్కి తిరక్కుండానే.

"శని లేదండీ. ఒక్కణ్ణే తినబుద్ధి కావట్లా."

ఆవిడ అట్టు తిరగేసింది.

"ఆ ముక్క మొదటే చెప్తే ఏడు రోజులూ పెట్టేదాన్నిగా! ఇన్నాళ్లూ శనివారాలు మాత్రమే తిని ఊరుకున్నావు. పీట వేసుకో."

నాకు బదిలీ అయ్యేదాకా రోజూ పెట్టింది. ఇప్పుడు నేను వేరే ఊళ్లో, డెస్కులో, ఇతరుల వార్తల్ని రెండు పేరాలకి కుదించే పనిలో ఉన్నాను. ఉంగరం ముక్కలు పెన్నుల డబ్బాలో ఉన్నాయి. తుప్పు పట్టలేదు, నల్లబడలేదు. ఆ విషయంలో అమ్మినవాళ్లు రాసింది నిజమే. శనివారం రాత్రి ఇప్పటికీ అన్నం తినను. ఒక్కణ్ణే రెండు అట్లు పోసుకుంటాను. ఆఫీసులో కుర్రాళ్లు పెన్ను కోసం నా డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఒక క్షణం ఆగి చూస్తాను, అడుగుతారేమోనని. ఉపన్యాసం ఇంకా కంఠతా వచ్చు. వాళ్లు పెన్ను తీసుకుని వెళ్లిపోతారు.