మా ఇంటి బేస్

తొలకరికి తడిసిన మట్టి వాసనంటే లోకమంతా పడి చస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, చేతిలో పని వదిలేసి పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనిస్తాను. ఈ ఏడు పంజాగుట్టలోని మా అపార్ట్‌మెంటు పక్క ఖాళీ స్థలం చుట్టూ నీలం రేకులు లేచాయి. వాటి వెనక రాయీ మొరమూ తవ్విపోసిన పచ్చివాసన మా బాల్కనీలో ఆరేసిన బట్టలకు కూడా పట్టేసింది. ఆ వాసనలోనే కుర్చీ వేసుకుని కూర్చుని మా ఆయన, తను కొనాలనుకుంటున్న స్పీకర్ల మీద కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు ఫోన్‌లో చూసి నాకు పైకి చదివి వినిపిస్తున్నాడు. నేల మీద నిలబెట్టే పొడుగాటి టవర్ స్పీకర్లు, ధర తక్కువ, బేస్ ఎక్కువ. "కిటికీ అద్దాలు వణికాయి, ఐదు నక్షత్రాలు" అని ఒకడు రాశాడట. "కింది ఫ్లోరువాళ్లు వచ్చి తలుపు కొట్టారు, ఇంతకంటే ఏం కావాలి" అని ఇంకొకడు. "గోడలు అదిరిపోయాయి" అని మరొకడు తెగ మురిసిపోయాడు. మా ఆయన నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు సరికదా, ఒళ్లు మండింది. గోడలు అదరడం ఒక ముచ్చటా? ఏం చెయ్యను, నేను పెరిగిన ఇల్లు అలాంటిది.

అప్పట్లో మేం అమీర్‌పేటలో, మార్కెట్ వెనక సందులో ఒక మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్లం. నాన్న తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి రెండో అంతస్తులో ఒక ఫ్లాటు కొనుక్కున్నాడు. మెట్లు దిగితే జిరాక్స్ మిషన్ల వేడి వాసన, కాళ్లకింద కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, సందు మలుపులో బజ్జీల బండి మీద సలసల కాగే నూనె, సాయంత్రమయ్యేసరికి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి గుంపులు గుంపులుగా వచ్చే కుర్రాళ్లు, ఎండాకాలమంతా ప్రతి కిటికీలోంచీ కూలర్ల వట్టివేళ్ల చల్లటి వాసన. కింది ఫ్లాటులో షాహీన్ ఖాలా రంజాన్ పండక్కి షీర్ ఖుర్మా గిన్నె పైకి పంపితే, అదే గిన్నెలో శ్రావణమాసంలో అమ్మ పూర్ణాలు పెట్టి కిందికి పంపేది. ఆ గిన్నె ఎవరిదో చివరికి ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

మా ఇంట్లో వెనక గది నానమ్మది. ఆవిడకు చెవులు పూర్తిగా పోయాయి. తెనాలిలో హరికథ ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చున్న మనిషి, హైదరాబాద్ వచ్చేసరికి గోడకు ఆనించిన మంచం మీద, కిటికీ పక్కన, నిశ్శబ్దంలో కూర్చుండిపోయింది. మా పెదాలు చూసి మాటలు పట్టుకునేది, పట్టుకోలేనివి తనే కల్పించుకునేది. "కూరలో ఉప్పు తక్కువైందా?" అని అమ్మ అడిగితే "అప్పు ఎవరికిచ్చావే?" అని గొడవ పెట్టుకునేది. మేం పకపకా నవ్వేవాళ్లం. ఎందుకు నవ్వుతున్నామో తెలియక ఆవిడా నవ్వేది. పాట వినక ఎన్నేళ్లయిందో అని నాన్న మాత్రం అప్పుడప్పుడు బెంగపడేవాడు.

ఆ నాన్న ఒక రోజు ఆటోలో రెండు పొడుగాటి టవర్ బాక్సులు తెచ్చి, కిందనించి అరిచి అందరినీ పిలిచాడు. పేరున్న కంపెనీ ఏం కాదు. నల్ల కాగితం అంటించిన ప్లైవుడ్ పెట్టెలు, బంక వాసన, ముందు పక్క పెద్ద పళ్లెమంత డిప్పలు. హాల్లో చోటు లేక వాటిని నానమ్మ గదిలో నిలబెట్టారు. నాన్న క్యాసెట్ పెట్టాడు. నానమ్మ లేచి వచ్చి, దుమ్ము ఉందేమో చూడ్డానికన్నట్టు పెట్టె మీద చెయ్యి వేసింది, వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఒరేయ్ అబ్బాయ్, తబలారా!" అంది గట్టిగా. "అదుగో ఆపాడు... ఆగు, ఆగు... మళ్లీ అందుకున్నాడు!"

నాన్న అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టగానే పాట పెట్టడం మా ఇంటి అలవాటైపోయింది. నానమ్మ ఒక చెయ్యి పెట్టె మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి, కాళ్లు నేలకు ఆనించి కూర్చునేది. నేనూ, ఖాలా కూతురూ పెట్టె మీద పళ్లెం పెట్టి, పళ్లెంలో బియ్యం గింజలు పోసి, అవి ఎగిరెగిరి పడుతుంటే ఎవరి గింజ ముందు అంచు దాటుతుందా అని పందెం కాసేవాళ్లం. అమ్మ చూస్తే వీపు పగిలేది.

మా ఇంటి చప్పుడు విని బిల్డింగులో సగం మంది అదే రకం టవర్లు కొన్నారు, కొన్నవాడల్లా పండితుడైపోయాడు. మా పై ఫ్లాటులో ఉండే అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ మీసం దువ్వుకుంటూ "బేస్ అంటే గట్లుండాలె. కడుపుల తగలాలె" అనేవాడు. ఎదురింటి లెక్కల మాస్టారు "బేస్ సరేనండీ, పాడేవాడు నూతిలో పడ్డట్టున్నాడు, వాణ్ణి ముందు పైకి తియ్యండి" అని విసుక్కునేవాడు, అయినా రోజూ పెట్టేవాడు. "కవ్వాలీ పెడితే మస్తుంటది, ఢోలక్ దిల్ మీద కొడ్తది" అని షాహీన్ ఖాలా. తుడవాల్సిన సామాను ఇంకో రెండు పెరిగిందని అమ్మ. నానమ్మ అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆ బిల్డింగులో ఆ పెట్టెలను నిజంగా విన్నది ఆవిడొక్కతే.

ఇలా ఉండగా నానమ్మ కిటికీ అవతల, మా గోడకు ఆనుకుని ఉన్న పాత పెంకుటిల్లు పడగొట్టి, నీలం రేకులు పాతి, సెల్లారు కోసం తవ్వడం మొదలుపెట్టారు. పగలంతా రాయి పగలగొట్టే మిషన్ దడదడలాడేది. మొదట్లో తిట్టుకున్నాం, తరవాత అలవాటు పడ్డాం. మెల్లగా మా స్టాండులో స్టీలు గ్లాసులు వాటంతట అవే గలగలమనడం మొదలైంది. తలుపులు చౌకట్లో పట్టేసేవి. నానమ్మ మంచం వెనక గోడ మీద వెంట్రుకంత బీట కనిపించింది, కొన్నాళ్లకు అందులో నా చిటికెన వేలు దూరేది. కింద ఖాలా వంటింట్లోనూ అదే బీట, అదే వరసలో. రాత్రి నానమ్మ పక్కన పడుకున్నప్పుడు దాన్ని చూడకుండా అటు తిరిగి పడుకునేదాన్ని, చూడకపోతే అది పెరుగుతుందేమోనని మళ్లీ ఇటు తిరిగేదాన్ని.

బీటలు పూడ్చడానికి సెక్రటరీ ఒక మేస్త్రీని పిలిపించాడు. ఆయన మా గదిలో కాస్త పూసి, తాపీ పక్కన పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"గిది బేస్ సంగతి సార్. పైన ఎంత పూసినా ఆగదు. ముందుగాల బేస్ సంగతి జూస్కోండ్రి" అని చెప్పి, చేతులు కడుక్కుని, ఇంకో చోట పనుందని వెళ్లిపోయాడు.

సెక్రటరీ మా గదిలో నిలబడ్డ రెండు నల్ల టవర్లకేసి చూశాడు. "ఇన్నరా? మేస్త్రీ సుత గదే అంటుండు! మీ బేస్ తోటే బిల్డింగ్ ఖరాబైతుంది. బంద్ చెయ్యాలె."

అందరం అదే విన్నాం, అందరికీ అదే అర్థమైంది. మా బిల్డింగులో పొద్దున లేస్తే బేస్ గురించే మాట, మరి ఇంకేం అర్థమవుతుంది! మిగతావాళ్ల టవర్లు హాల్లో ఉన్నాయి, మావి సరిగ్గా బీట పడ్డ గోడ దగ్గర ఉన్నాయి, కాబట్టి దోషి దొరికిపోయాడు. నాన్న వైర్లు పీకేసి, పెట్టెల మీద పాత దుప్పటి కప్పాడు.

అసలు భయం అక్కడ మొదలైంది. సాయంత్రం దీపం పెట్టగానే నానమ్మ ఎప్పట్లాగే గోడ మీద చెయ్యి వేసి తల ఊపుతూ కూర్చుంది. పాట లేదని అమ్మ సైగ చేసి చెప్పింది. "ఎందుకు లేదే? వస్తోందిగా" అంది నానమ్మ. మర్నాడూ అదే మాట. "ఈ పాట బాలేదే, తాళం తప్పుతున్నాడు" అని చిరాకు పడింది. మెట్ల మీద ఎవరు కనపడినా "మీరేనా ఆ పాట పెట్టింది?" అని నిలదీసేది. సెక్రటరీ నలుగురి ముందూ నవ్వేశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, ఎర్రగడ్డకు తీస్కపోతే సెట్ అయితది" అన్నాడు. పిచ్చాసుపత్రి పేరు చెప్పి నవ్వడం ఆ ఊళ్లో మామూలు వేళాకోళమే, కానీ నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి అమ్మా నాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఆవిడకు వినపడదని తెలిసీను. వచ్చే వారం డాక్టరుకు చూపిద్దామనుకున్నారు. నానమ్మను నిజంగానే తీసుకెళ్లిపోతారని, తీసుకెళ్తే ఇక పంపరని భయపడి ఆవిడ పక్కనుంచి కదిలేదాన్ని కాదు.

ఆ వారం తొలకరి వచ్చింది. రాత్రంతా కుండపోతగా కురిసి, తెల్లారేసరికి పక్క గుంతలో ఎర్రటి నీళ్లు చెరువులా నిలిచాయి. మిషన్ ఆగిపోయింది, కూలీలు రాలేదు, బళ్లో సెలవిచ్చారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, సెక్రటరీ ఇంట్లో పొద్దున్నించి మోగుతున్న టవర్లు, అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. మా సందు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తడిమట్టి వాసన గుప్పున కొట్టింది.

"ఎవరే పాట పెట్టింది?" అంది నానమ్మ.

కరెంటు లేదని ఆగిపోయిన ఫ్యాన్ చూపించాను. ఆవిడ ఫ్యాన్‌ను చూసింది, దుప్పటి కప్పిన పెట్టెల్ని చూసింది. మొహంలో రంగు పోయింది. నా చెయ్యి పట్టుకుని లాగి, గోడ మీద పెట్టి నొక్కింది. మొదట ఏమీ తెలియలేదు. తరవాత తెలిసింది. దుమ్... చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ దుమ్... దుమ్. ఎక్కడో కింద, మా కాళ్లకింద, ఏదో కొంచెం కొంచెంగా జారి పడుతోంది. నేను కేక పెట్టాను.

నాన్న ఆఫీసులో ఉన్నాడు, అమ్మ వచ్చింది. కేక విని కిందనించి షాహీన్ ఖాలా వచ్చింది. గోడ మీద చెయ్యి వేసి, "యా అల్లా! గోడ కొట్టుకుంటున్నది గదమ్మా" అంది. అంతే, కొంగు బిగించి, ప్రతి తలుపూ బాదుకుంటూ పోయింది. "బయటికి రాండ్రి! జర జల్దీ రాండ్రి! చెప్పులు గిప్పులు తర్వాత!" సగం మంది భూకంపమనుకుని, సగం మంది ఏమీ అనుకోకుండానే సందులోకి వచ్చిపడ్డారు. లెక్కల మాస్టారు నోట్లో ముద్దతోనే వచ్చాడు.

సందులో నిలబడ్డాం. ఏమీ జరగలేదు. ఎండ వచ్చింది, బిల్డింగు బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది, బట్టలు ఆరుతున్నాయి. జనం గొణగడం మొదలుపెట్టారు. "ముసలామె మాట పట్టుకుని మస్తు తమాషా జేసిండ్రు" అన్నాడు సెక్రటరీ, "నడువుండ్రి, నడువుండ్రి లోపటికి." సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. అతని ఇంట్లో ఆపకుండా వదిలేసిన టవర్లు ఒక్కసారిగా దద్దరిల్లాయి. అందరూ నవ్వేసి గేటు వైపు కదిలారు.

బజ్జీల బండి పక్కన కుర్చీలో, ఉత్తికాళ్లు నేలకు ఆనించి కూర్చున్న నానమ్మ లేచింది. ఆవిడ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. గేటు దాటుతున్న సెక్రటరీ మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"రెండున్నాయి నాయనా! రెండు పాటలు వస్తున్నాయి! ఒకటి నీది. ఆ రెండోది ఎవరిది?"

"అరే, ఇడువమ్మా!" అని అతను చెయ్యి గుంజుకుంటున్నాడు. ఆవిడ వదల్లేదు. వెనకవాళ్లు వాళ్లిద్దరి వల్ల గేట్లో ఆగిపోయారు. ఆ గుంజులాటలోనే బిల్డింగు వెనక భాగం, నానమ్మ గదీ, ఖాలా వంటింటి వెనక గోడా, సెక్రటరీ హాలూ, పాట పాడుతూనే గుంతలోకి దిగిపోయాయి. పెద్ద చప్పుడు అయ్యుంటుంది, నాకు గుర్తులేదు. ఎర్రటి దుమ్ము మాత్రం గుర్తుంది, అది తగ్గాక రెండో అంతస్తులో మా మిగిలిన సగం ఇల్లు, గోడ మీద క్యాలెండర్ ఊగుతూ, ఆకాశంలోకి తెరుచుకుని కనపడటం గుర్తుంది.

ఎవరూ పోలేదు. సెక్రటరీ రోడ్డు మీద చతికిలబడ్డాడు. నానమ్మ అప్పటికీ అతని చెయ్యి వదల్లేదు. అతను మెల్లగా అన్నాడు: "గా మేస్త్రీ... గాయన చెప్పింది పునాది గురించా?"



ఎస్.ఆర్. నగర్‌లో అద్దె ఇంటికి మారాం. శిథిలాల్లోంచి సామాను తీసినప్పుడు టవర్లలో ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. నాన్న దాన్ని శుభ్రంగా తుడిచి, వైర్లు కలిపి, నానమ్మకు ఇష్టమైన క్యాసెట్ పెట్టి, ఆవిడ చెయ్యి తీసుకెళ్లి పెట్టె మీద ఉంచాడు. నానమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"వద్దురా అబ్బాయ్. ఇది పాటో, అదో, నాకింక తెలీదు."

నాన్న బతిమాలాడు. ఆవిడ వినలేదు. పోయేదాకా మళ్లీ దేని మీదా చెయ్యి వెయ్యలేదు, గోడకు ఆనుకుని కూర్చోనూ లేదు. మంచం గది నడిమధ్యలో వేయించుకుని, కాళ్లు పైకి ముడుచుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చునేది. అందరి ప్రాణాలూ కాపాడిన మనిషికి మిగిలింది అది.

ఆ సందులో ఇప్పుడు అద్దాల బిల్డింగు ఉంది, కింద లోతైన సెల్లారు, అందులో వరసగా కార్లు. క్యాసెట్ల కొట్లు పోయాయి, వట్టివేళ్ల కూలర్లు పోయాయి, షాహీన్ ఖాలావాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. గిన్నె మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

మా ఆయన స్పీకర్లు కొనేశాడు, రేపు వస్తాయట. పక్కన నీలం రేకుల వెనక మిషన్ ఆగకుండా నడుస్తోంది. ఇందాక వంటింట్లో స్టాండు మీద గ్లాసులు గలగలమన్నాయి. లారీ పోయుంటుందిలే అన్నాడు ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా. నేను చెప్పులు విడిచి, గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. లిఫ్టు, మోటారు, ఏసీలు, పై ఇంటి మిక్సీ, అన్నీ కలిసి గోడలో రొద పెడుతున్నాయి, వాటి వెనక ఇంకేదైనా ఉందో లేదో తెలియడం లేదు. ఒక్క నిమిషం కరెంటు పోతే చాలు, తెలిసిపోతుంది. కానీ ఈ బిల్డింగులో కరెంటు పోదు. పోయినా రెప్పపాటులో జనరేటర్ అందుకుంటుంది.