నెమ్మది నాడి

నా పెనిమిటి దొర సవారి బండి ముందు ఉరికేటోడు. కూలికి కాదు, వెట్టికి. పెన్‌పహాడ్ అవతలి మా ఊరి నుంచి దొర సూర్యాపేటకు పోయినా, మిర్యాలగూడ తోవ పట్టినా, ఎడ్ల ముందు ఒక మనిషి ఉరుకుతూ తోవ జరిపించాలె. ఎడ్లనన్నా ఆపి నీళ్ళు తాపేటోళ్ళు. మనిషిని అడిగినోడు లేడు.

నిజాం రాజ్యం ఇంకా పోలేదు. ఆ ఎండకాలం ఆయన కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. సూర్యాపేటల ఒక హకీం దగ్గరికి తోలుకపోయిన. హకీం కాలు సూడకముందే మణికట్టు పట్టుకున్నడు. చానాసేపు ఇడువలేదు. ఆయన్ని బయట కూసోబెట్టి నాతోని, "బిడ్డా, నాడి దిగిపోయింది. ఒక్క దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ బజారుకు పోయి రావొచ్చు. ఇంటికి తీసుకపో, ఇష్టమైంది వండిపెట్టు" అన్నడు. కాలికి మందు రాసి, ఏవో పొడులు కట్టిచ్చిండు.

ఇష్టమైంది వండనీకి ఇంట్ల ఏమున్నది, జొన్నగటుక తప్ప. ఆయన గిన్నె ఖాళీజేసి ఇంకింత పెట్టమన్నడు. సచ్చేటోనికి ఇంత ఆకలేందిరా కొడుకా అని మా అత్త కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది.

సంగతి దొర గడీల తెలిసింది. బండి ముందు మనిషి కూలితే అపశకునమని దొర వేరేటోన్ని పెట్టుకున్నడు. పెండ్లయినంక నా మొగన్ని పగటిపూట ఇంట్ల సూసింది అప్పుడే. గడపల కూసోని గంపలు అల్లేటోడు. సస్తడేమోనని ఒక భయం, సావకపోతే మళ్ళ పిలుస్తరని ఇంకో భయం. రోజూ రొమ్ము మీద చెయ్యి పెట్టి సూసేదాన్ని. గుండె నిమ్మళంగ, గట్టిగ కొట్టుకునేది. బజార్ల సవారి బండి గంటలు ఇనపడితే మాత్రం, మనిషి కదలకముందే లోపల దడదడ మొదలయ్యేది.

"నిన్ను పిలుస్తలేరు గదా" అన్న ఒకసారి.

"నాకెరుకే. దానికి ఎరుక లేదు" అన్నడు.

వానలు వచ్చి పోయినయి. ఆయన సావలేదు. దొర మనిషి వచ్చి మళ్ళ హకీం దగ్గరికి పంపిచ్చిండు. ఈసారి నాడి అందరి లెక్కనే ఆడుతున్నదట. తన పొడులు పనిజేసినయని హకీం మురిసిండు. మొగడు బాగైండంటే గోడకు తల ఆనిచ్చి ఏడ్సిన ఆడదాన్ని నేనే కావొచ్చు. తెల్లారి గంటలు మోగినయి. ఆయన తలగుడ్డ సుట్టుకొని లేసిండు. ఊరు తిరగబడి దొర పట్నం పారిపోయేదాంక ఉరికిండు.

నేను అక్షరాలు నేర్సింది ముసలితనంల. కోదాడల ఉండే మనుమరాలు ఇచ్చిన ఆరోగ్యం పుస్తకం వేలు పెట్టి చదివిన. పందేలు ఉరికేటోళ్ళ గుండె ఒక్క దెబ్బకే ఎక్కువ నెత్తురు తోస్తదట. మెదడు నుంచి దిగిన ఒక నరం పగ్గం లెక్క దాన్ని బిగవట్టి నెమ్మదిగ ఉంచుతదట. ఉరకాలంటే ముందు ఆ పగ్గం వదులైతది, ఎనక ఇంకో నరం ముల్లుగర్రతోని పొడుస్తది. ఉరుకుడు మానితే కొన్ని నెలలల్ల నాడి మామూలుకొస్తది. నాడి నెమ్మదిగుండుడు రోగం కాదు, బలం.

ఈ ముక్క అప్పుడే తెలిస్తే ఎంత బాగుండునో అన్నది మనుమరాలు. నేను ఒప్పుకోలే. తెలిస్తే ఆ ఒక్క వానకాలం కూడా ఉరికిచ్చేటోళ్ళు. హకీం తప్పు చెప్పబట్టే నా మొగడు గడపల కూసున్నడు.