కొత్త బ్యాటరీ వేసేదాకా

అప్పట్లో చోడవరంలో మాడుగుల బస్సు తప్పిపోతే, జనం నిండాక బయల్దేరే అద్దె కారే గతి. ఆ సాయంత్రం నేనెక్కేసరికి డ్రైవరు తాళం తిప్పుతున్నాడు. ఇంజను ఓ మూలుగు మూలిగి ఊరుకుంది.

"దిగి కాస్త తొయ్యండి బాబూ," అన్నాడు. అలవాటైన పనే కాబట్టి అందరం దిగేం.

అంతలో ఎవరో నడివయసు ఆవిడ వచ్చి కారుకి అడ్డంగా నిలబడింది.

"ఏదీ, లైటెయ్యి," అంది డ్రైవరుతో.

వేసేడు. గుడ్డిదీపంలా ఎర్రగా మినుకుమంది.

"పొద్దున్నే సార్జింగెట్టించేనమ్మా," అని నసిగేడు.

"రోజూ ఎట్టిస్తన్నావు, రోజూ సస్తంది. ఇంకేటి సూస్తావు? దాని పనైపోనాది. మొన్న నా కోడలు నొప్పులు పడతంటే, ఆసుపత్రికి తెస్తా తెస్తా వడ్డాది కాడ ఇలాగే ఆపేసేవు. ఆడగుంట రోడ్డు మీదే పుట్టింది. కొత్త బేటరీ ఎయ్యి. అందాకా ఈ కారు కదల్దు."

డ్రైవరు కోపంగా హారన్ నొక్కేడు. అదీ గొంతు పెగలక కీచుమంది. ఆవిడ అంగుళం జరగలేదు.

"తొయ్యండి!" అని మా మీద అరిచేడు.

"మేం తొయ్యం," అనేసేను నేను. మిగతావాళ్లూ చేతులు తీసేసేరు.

తిట్టుకుంటూ బజారుకి పోయి, చీకటిపడే వేళకి కొత్త బ్యాటరీ తెచ్చి బిగించేడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. లైట్లు రోడ్డంతా తెల్లగా పరుచుకున్నాయి.

నేను జరిగి చోటిచ్చి, "రండమ్మా, ఎక్కండి," అన్నాను.

"నానెక్కడికీ ఎల్లను బాబూ. దీనికోసమే వచ్చేను," అని పక్కకి తప్పుకుని మాకు దారిచ్చింది.