తొట్టి పక్కన కంచం

మా ఇంట్లో ఇప్పుడు చేపల తొట్లు రెండున్నాయి. పెద్దది హాల్లో ఉంది. పైన లైటు, అడుగున రంగురాళ్లు, ఇంటికొచ్చిన వాళ్లంతా మెచ్చుకునేది అదే. రెండోది వంటింటి పక్క గదిలో, కిటికీ దగ్గర స్టూలు మీద ఉంది. దాన్నెవరూ మెచ్చుకోరు. రాళ్లు లేవు, మొక్కలు లేవు, ఒక మూల పగిలిన మట్టి ముంత, ఇంకో మూల బుడగలు వదిలే స్పాంజి ముక్క, అంతే. కొత్తగా తెచ్చిన చేపల్ని నెల రోజులు విడిగా ఉంచడానికి పెట్టిన తొట్టి అది. మా అశ్వారావుపేటలో చేపంటే పులుసే. చేపలకు విడి గది కట్టిన మహాతల్లిని ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ.

పెద్ద తొట్టి నాది కాదు, మా తమ్ముడిది. హైదరాబాద్‌లో కిరాయి గదిలో ఒక్కడే ఉండి ఉద్యోగం చేసేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అక్కడే దవాఖానాలో పోయాడు. చివరి చూపు కూడా దక్కలేదు మాకు. కొన్నాళ్లకు వాడితో పనిచేసినతను కారులో ఆ గాజు తొట్టినీ, నీళ్ల క్యాన్లో రెండు గోల్డ్‌ఫిష్‌లనూ తెచ్చి మా వాకిట్లో దించాడు. “సొంత పిల్లల లెక్క చూసుకునేటోడు అక్కా. ఎవరికో ఇయ్యబుద్ధి కాలే” అన్నాడు. ఒకటి నారింజ రంగుది, ఇంకోదానికి తోక తెల్లన. వాడి బట్టలొచ్చాయి, ఫోనొచ్చింది, సగం వాడిన సబ్బు కూడా వచ్చింది. వాటన్నిట్లో ప్రాణమున్నవి ఆ రెండే. వాటిని బతికించుకోవాలి అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకున్న పట్టుదల అదొక్కటే.

రెండేళ్లు బాగానే చూసుకున్నాను. ఆ తరవాత నాకు తెలివి ఎక్కువైంది. అంత తొట్టిలో రెండే చేపలు, బోసిగా ఉందనిపించింది. ఖమ్మంలో పనిబడి వెళ్లినప్పుడు చేపల కొట్టుకు పోయాను. ఆ కొట్టు నడిపే పెద్దాయన్ని అందరూ భాయ్ అంటారు. నేనూ అంతే. మూడు చిన్న చేపల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టిస్తూ ఆయన చెప్పనే చెప్పాడు.

“సీదా పాతవాట్ల కలపకు చెల్లె. కొన్ని దినాలు వేరే తొట్టిల పెట్టు. ఏం రోగమున్నదో మనకు కనబడది.”

“వచ్చినోళ్లను బయట నిలబెట్టుడు మా ఇంట్ల లేదు భాయ్” అన్నాను గొప్పగా.

ఆ మాట ఎంత అబద్ధమో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇంటికొచ్చాక ఊరికే పోశానా? లేదు. దూరం నుంచి వచ్చిన వాళ్లకు తీసినట్టే పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లతో సంచికి దిష్టి తీశాను. కుడికాలు పెట్టించడానికి వాటికి కాళ్లు లేవు గనక ఆ ఒక్కటీ మానేశాను. సంచి మూతి విప్పి, వాటినీ వాటి నీళ్లనూ కలిపి తొట్టిలోకి దింపేశాను. మా ఆయన పక్కనే నిలబడి చూస్తూ “నాకు కూడ గింత మర్యాద ఎన్నడు జరగలే” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

వారం తిరగకముందే కొత్తవాటి మీద సన్న ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. ఒళ్లు దురద పెట్టినట్టు రాళ్లకేసి రుద్దుకోవడం మొదలుపెట్టాయి. మర్నాటికి పాతవాటికీ అంటుకుంది. భాయ్‌కి ఫోన్ చేస్తే మందు పేరు చెప్పాడు, కల్లుప్పు ఎంత వేయాలో చెప్పాడు, మధ్యమధ్యలో తిట్టాడు. “చెప్పిన్నా లేదా? ఏంది చెల్లె గిట్ల చేస్తివి!” చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. మూడు కొత్తవీ పోయాయి. ఆ వెనకే తెల్లతోకది కూడా పోయింది. దాన్ని పెరట్లో జామచెట్టు మొదట్లో పాతిపెట్టి, మా ఆయన చూడకుండా ఏడ్చాను. తమ్ముడి చేపల్లో ఒక్కటి మిగిలింది. అది కూడా వారం పాటు తిండి ముట్టక అడుక్కు చేరి పడుంది. తరవాత ఎలాగో కోలుకుంది.

ఈ చదువు నాకు మొదట చెప్పిన మనిషి భాయ్ కాదు, మా నాయన. మా పుట్టిల్లు కారేపల్లి దగ్గర. నాయన సంతలో కొత్త బర్రెను కొంటే, తెచ్చి కొట్టంలో కట్టేసేవాడు కాదు. ఇంటి వెనక చింతచెట్టు కింద విడిగా పది పదిహేను రోజులు కట్టేసేవాడు. దాని కుడితి గోలెం వేరు, తాడు వేరు. పాతవాటికి మేత వేశాకే దీని దగ్గరికి వెళ్లేవాడు. కొత్త గొడ్డు ఏ రోగం తెస్తుందో ఎవరికి తెలుసు? ఇదంతా చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, చేపల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

అయితే నాయన పద్ధతిలో ఇంకో సగం ఉంది. ఆ పదిహేను రోజులూ పొద్దటి సద్ది అన్నం ఆయన ఆ చింతచెట్టు కిందే తినేవాడు. కంచం తెచ్చుకుని కొత్త బర్రెకు ఎదురుగా పీట వేసుకుని, మొదటి ముద్ద దానికి పెట్టి, తరవాత తను తినేవాడు. “ఇడిగ కట్టేస్తిమి. బెంగ పెట్టుకుంటది. మనిషి తోడు తెలవాలె” అనేవాడు. మా అమ్మ విసుక్కునేది. తమ్ముడూ నేనూ ఆయన వెనకాల నిలబడి, బర్రె తల ఊపితే నవ్వేవాళ్లం.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు అంతా బందయింది. తమ్ముడు ఎలాగో పడుతూ లేస్తూ మా ఊరు చేరాడు. అప్పటికి అమ్మా నాయనా లేరు, వాడికి వెళ్లడానికి నా ఇల్లే ఉంది. మా ఆయనకు ఉబ్బసం. నేను గేటు తియ్యలేదు. పామాయిల్ తోటలో మా మోటారు గది ఉంది, పద్నాలుగు రోజులు అందులో ఉండమన్నాను. వాడు సంచి భుజాన వేసుకుని అటే పోయాడు. అందులో తప్పు లేదు, ఊళ్లో అందరూ అదే చేశారు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

రోజూ టిఫిన్ గిన్నె తీసుకెళ్లి గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగేదాన్ని. ఒకరోజు వాడు గది గడప మీద కూర్చుని కేకేశాడు.

“అక్కా, గిన్నె ఆడ పెట్టి ఉరుకుతవేంది? జర దూరంల గట్టు మీద కూసోని నువ్ గూడ తిను. నాయన కొత్త బర్రె కాడ కూసోని తినేటోడు గదా. నేను బర్రె కన్న అధ్వాన్నమా?”

“నోరు మూస్కొని తిను. ఇంట్ల పనున్నది నాకు” అన్నాను, నవ్వుతూనే. వాడూ నవ్వాడు.

ఇంట్లో ఏ పనీ లేదు. భయమేసింది, అంతే. గట్టుకూ గడపకూ మధ్య రెండు పామాయిల్ చెట్ల దూరం ఉంది. కూర్చోవచ్చు. కూర్చోలేదు. పద్నాలుగు రోజుల్లో ఒక్క పూట కూడా కూర్చోలేదు. పదిహేనో రోజు వాడికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఎవరిదో కారు దొరికింది. గేటు బయటే నిలబడి “మళ్లొస్త అక్కా” అని వెళ్లిపోయాడు. నా ఇంట్లో అడుగు పెట్టకుండానే పోయాడు. మళ్లీ రాలేదు.

నారింజ చేప ఒంటరిగా మిగిలాక కొన్ని నెలలు దాన్ని చూస్తూ గడిపాను. తొట్టి మధ్యలో కదలకుండా నిలబడేది. చివరికి భాయ్‌కే ఫోన్ చేశాను. “తోడు కావాలె దానికి. గానీ ఈసారి నా మాట ఇను” అన్నాడు. విన్నాను. స్పాంజి ముక్కను ముందుగా నెల రోజులు పెద్ద తొట్టిలో వేసి ఉంచాను, నీళ్లను శుభ్రంగా ఉంచే మంచి సూక్ష్మక్రిములు దానికి పడతాయట. చిన్న తొట్టిలో నీళ్లు పట్టి నిలవ ఉంచాను. దానికో వల, దానికో మగ్గు, వాటిని పెద్ద తొట్టి దరిదాపుల్లోకి రానివ్వలేదు. చేపలు దాక్కోవడానికి ముంత బోర్లించాను.

ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం గొడవైంది. “మోటారు గది ఖాళీగనే ఉన్నది గదా, ఆడ పెట్టు. ఇంట్ల ఈ నీళ్ల గోలెందుకు” అన్నాడు మా ఆయన. ఆయన మంచికే అన్నాడు. నేను ఎంత గట్టిగా అరిచానంటే, పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. తొట్టి వంటింటి పక్కన కిటికీ దగ్గరే ఉంది.

రెండు కొత్త చేపలొచ్చాయి. దిష్టి తీయలేదు. తొమ్మిదో రోజు ఒకదాని తోక మీద తెల్ల చుక్క కనబడింది. ఎత్తుకెళ్లి పారబోద్దామా అని కూడా అనుకున్నాను. నారింజ చేప హాల్లో ఉంది, దానికి ఏమీ కాకూడదు. మందు వేసి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, వంటింట్లోకి పోయి కంచంలో అన్నం పెట్టుకున్నాను. ఎప్పుడూ హాల్లో టీవీ ముందు తినేదాన్ని. ఆ రోజు కాళ్లు అటు పోలేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి చిన్న తొట్టి పక్కన వేసుకున్నాను. ముందు వాటికి చిటికెడు మేత వేసి, అప్పుడు ముద్ద కలిపాను. ముంతలోంచి ఒకటి బయటికి వచ్చి గాజు దగ్గర నిలబడింది. నాయన చేసినట్టు చేశాను, సరే. వాడు అడిగినప్పుడు చేయలేదు.

ఆ నెలంతా రెండు పూటలా అక్కడే తిన్నాను. మా ఆయన నాలుగైదు రోజులు చూసి తన కంచం కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. చుక్కలు రాలిపోయాయి, రెండూ బతికాయి. నెల దాటాక, “ఇంక కలుపు చెల్లె” అన్నాడు భాయ్. వలతో తీసి పెద్ద తొట్టిలో వదిలితే నారింజ చేప ముందు దూరం జరిగింది. సాయంత్రానికి మూడూ ఒకే వైపు తిరుగుతున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ గిన్నె సర్దుకుని తోటకు వెళ్లాను. మోటారు గది తలుపుకు గొళ్లెం పెట్టుంది. గడప మీద ఎండుటాకులు పడి ఉన్నాయి. గట్టు మీద, నేను గిన్నె పెట్టి తిరిగిపోయిన చోటే కూర్చున్నాను. మూత తీసి మొదటి ముద్ద ఆకులో పెట్టి గడప వైపు జరిపాను.

“ఇంట్ల పనేం లేదురా” అన్నాను. “కూసుంట.”