కొండెక్కిన దీపం

మనామాలో గుప్పెడు పిల్లలున్న యూదుల చిన్న బడిలో ఆమె టీచరమ్మ, నేను ఆయాను.

వాళ్ల వారపు పవిత్ర దినం సబ్బాత్ కోసం కొవ్వొత్తులు వెలిగించిన రోజు, పుట్టినరోజనుకొని ఒక పాప ఊదబోయింది. "నో!" అని ఆమె, "వద్దు బిడ్డా!" అని నేను ఒక్కసారే అరిచాం. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"మేము గూడ దీపం ఊదం. ఆరిందని గూడ అనం. కొండెక్కిందంటం" అని వచ్చీరాని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను.

ఆ మాట ఆమెకు తెగ నచ్చింది. బొమ్మకారు ఆగిపోయినా, డబ్బాలో బిస్కెట్లు అయిపోయినా, "కొందెక్కింది!" అంటూ చేతులు తిప్పేది. 'డ' పలకడం ఎంత నేర్పినా రాలేదు.

నేను ఉద్యోగం వదిలి జగిత్యాలకు వచ్చేసే రోజు గేటు దాకా వచ్చింది. నా చేయి వదల్లేదు.

"కొందెక్కిందా?" అంది మెల్లగా.

"లేదు టీచరమ్మా, ఇంకా వెలుగుతనే ఉంది."